పోర్ట్‌లండ్ నగరమూ, అయిదుగురు పొడగరులూ

ఒకే ప్రశ్న ఒకే ఊరికి ముప్పై అయిదేళ్ళలో అయిదుసార్లు ఎదురైతే ఆ ఊరు ఏమి నేర్చుకుంటుంది? అమెరికాలో ఓరెగన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్ నగరం ఇటువంటి పరీక్షకు నిలబడింది. ఆ ఊరి బాస్కెట్‌బాల్ జట్టు ‘ట్రెయిల్ బ్లేజర్స్’ 1970లో పుట్టింది. 1972, 1974, 1978, 1984, 2007 సంవత్సరాలలో, కళాశాలల నుండి వచ్చే ఆటగాళ్ళలో అందరికంటె ముందుగానో, ఒక్కరి తరువాతనో ఎంచుకునే హక్కు ఆ జట్టుకు దక్కింది. ఆ అయిదుసార్లూ ఏడడుగులకు కాస్త అటో ఇటో ఉన్న పొడగరినే ఎంచుకుంది. వారిలో ఒకడు ఆ జట్టుకు ఇంతవరకూ దక్కిన ఒకే ఒక్క ఛాంపియన్‌షిప్ సంపాదించిపెట్టాడు. ఒకడు నిలకడగా ఆడి మరపున పడ్డాడు. మిగిలిన ముగ్గురి పేర్లూ ‘చరిత్రలో అతిచెత్త ఎంపికలు’ అనే జాబితాలలో తరచుగా కనిపిస్తూ ఉంటాయి.

ఆ జాబితాలు చదివినప్పుడల్లా నాకు ఒక అసంతృప్తి కలుగుతుంది. ఫలితం తెలిసిన తరువాత అందరూ జ్యోతిష్కులే. ఆనాడు తెలిసినదేమిటి, తెలియడానికి వీలున్నదేమిటి, ఎవ్వరికీ తెలియరానిదేమిటి అని విడదీసి చూడకపోతే అది చరిత్ర కాజాలదు. ఈ టపాలో నేను చేయదలచుకున్నది ఆ విభజన.

ఈ ఆటతో పరిచయం లేని మిత్రులకోసం పద్ధతిని క్లుప్తంగా చెబుతాను. మన ఐపీఎల్ వేలంలో ఎక్కువ పాట పాడినవారిదే ఆటగాడు. ఎన్‌బీఏలో కొత్తవారి పంపకం అలా జరగదు. బలహీనులు బలపడాలనే ఉద్దేశంతో, కిందటి సీజనులో బాగా వెనుకబడిన జట్లకు ముందుగా ఎంచుకునే అవకాశం ఇస్తారు. దీనినే డ్రాఫ్టు అంటారు. 1947 నుండి ఉన్నది. 1966 నుండి 1984 వరకు, రెండు విభాగాలలో అట్టడుగున నిలిచిన రెండు జట్ల మధ్య నాణెం ఎగరవేసి మొదటి ఎంపిక ఎవరిదో తేల్చేవారు. 1985లో లాటరీ వచ్చింది. తన హక్కును ఒక జట్టు మరొక జట్టుకు ఇచ్చిపుచ్చుకోవచ్చు కూడా. పద్ధతి ఏదైనా, ఒకసారి పేరు పలికిన తరువాత వెనక్కు తీసుకోవడానికి లేదు.

పొడగరి మీదనే అంత మోజు ఎందుకు? 1891లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కల్పించినప్పుడు బుట్టను 10 అడుగుల ఎత్తున తగిలించాడు. ఆ ఎత్తు ఈనాటికీ మారలేదు. పరుగు నేర్పవచ్చు, బంతి వేయడం నేర్పవచ్చు, ఎత్తు మాత్రం నేర్పలేమన్నది అక్కడి శిక్షకుల ఊతపదం. అయితే తొలిరోజులలో పొడగరులను ఆటకు పనికిరాని మొద్దులుగానే చూసేవారు. 6 అడుగుల 10 అంగుళాల జార్జ్ మైకన్‌ను నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయంవారు పరీక్షించి పంపివేశారు. 1942లో షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయానికి శిక్షకుడుగా వచ్చిన రే మేయర్ అతనిచేత తాడాట ఆడించాడు, బాక్సింగు చేయించాడు, నాట్యం కూడా నేర్పించాడు. మొద్దుగా కనిపించిన ఆ కళ్ళద్దాల కుర్రవాడు 1949 నుండి 1954 లోపల మినియాపొలిస్ లేకర్స్‌ను అయిదుసార్లు విజేతను చేశాడు. అతని ధాటికి తట్టుకోలేక 1951లో ఎన్‌బీఏ బుట్ట ముందరి గీతల మధ్య వెడల్పును 6 అడుగుల నుండి 12 అడుగులకు పెంచవలసివచ్చింది. ఒక్క మనిషికోసం మైదానం గీతలు చెరిపి మళ్ళీ గీసిన ఆట ఇది. అటువంటి మనిషి దొరికితే చాలునని ప్రతి జట్టూ ఆ తరువాత కలలు కన్నదంటే ఆశ్చర్యం లేదు.

ఆ కలతో కళాశాల ఆటను చూడబోయినవారికి మూడు చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది ప్రత్యర్థుల సంగతి. ఏడడుగుల మనుషులు లోకంలో తక్కువ. కళాశాలలో అటువంటి కుర్రవాడు ఏడాదికి ముప్పై ఆటలాడితే, అందులో తన ఎత్తువాడు, తనకు సాటి రాగలవాడు ఎదురుపడేది ఏ రెండుమూడు సార్లో. మిగిలిన ఆటలలో అతడు చూపించేది నేర్పో, కేవలం ఎదుటివాడి పొట్టితనమో విడదీయడం కష్టం. పొట్టి ఆటగాడికి ఈ ఇబ్బంది లేదు, తనవంటివారు ప్రతి ఊరిలోనూ ఉంటారు.

రెండవది లెక్కల సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయాన్ని 1955, 1956లలో వరుసగా జాతీయ విజేతగా నిలిపిన బిల్ రసెల్ గొప్పతనమంతా ఎదుటివాడు వేసే బంతిని అడ్డుకోవడంలో, అడ్డుకుంటాడేమోనన్న భయంతో వేయకుండా చేయడంలో ఉన్నది. 1956 డ్రాఫ్టులో రాచెస్టర్ జట్టు అతణ్ణి కాదని సిహ్యూగో గ్రీన్‌ను మొదట ఎంచుకుంది. రెండవ స్థానంలో ఎంచుకున్న సెయింట్ లూయిస్ జట్టు అతణ్ణి బాస్టన్‌కు ఇచ్చివేసింది. బాస్టన్ అతనితో 13 సీజన్లలో 11 ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది. అతడు 1969లో విరమించాడు. బంతిని అడ్డుకోవడాన్ని ఎన్‌బీఏ లెక్కించడం మొదలుపెట్టినది 1973-74 సీజను నుండి. అంటే, అతని ముఖ్యమైన విద్యకు అతడు ఆడినంత కాలమూ పద్దు పుస్తకంలో గడి లేదు.

మూడవది శరీరం సంగతి. దీనిని గెలీలియో 1638లోనే చెప్పాడు. ఒక శరీరాన్ని అదే ఆకారంలో పదవ వంతు పెంచితే ఎముక అడ్డుకోత వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, బరువు మాత్రం 33 శాతం పెరుగుతుంది. అనగా పొడవు పెరిగినకొద్దీ ఎముక మీద భారం ఎముక బలాన్ని మించిపోతుంది. అటువంటి శరీరంతో ఏడాదికి 82 ఆటలలో ఎగిరి దూకాలి. కళాశాలలో ఆడేది అందులో సగమైనా ఉండదు. ఆ పాదాలూ మోకాళ్ళూ ఎంతకాలం ఓర్చుకుంటాయో ఏ కొలబద్దా ముందుగా చెప్పలేదు.

ఇక పోర్ట్‌లండ్ కథకు వస్తాను. మొదటి నాలుగు ఎంపికల వెనుకా ఉన్న మనిషి ఒకడే. స్టూ ఇన్మన్ అనే ఆయన జట్టు పుట్టిననాటి నుండి 1986 దాకా ఆటగాళ్ళ ఎంపికలో కీలకమైన పాత్ర వహించాడు. ఆటగాళ్ళ పట్ల మంచి చూపున్నవాడని వృత్తిలోనివారు గౌరవించిన వ్యక్తి. ‘తెలివితక్కువవాడు ఎంచుకున్నాడు’ అని కథను తేల్చివేయడానికి వీలులేకపోవడం దీనివల్లనే.

1972లో మొదటి ఎంపిక అతనిది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం నుండి బాబ్ మెకడూ సిద్ధంగా ఉన్నాడు. అతనితో ఒప్పందం పొసగలేదని చెబుతారు. పోర్ట్‌లండ్ షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయంలో ఆడుతున్న 6 అడుగుల 11 అంగుళాల లరూ మార్టిన్‌ను ఎంచుకుంది. మార్టిన్ రీబౌండ్లు బాగా పట్టేవాడు. పైగా ఆ సీజనులో యూసీఎల్ఏ మీద, అనగా నాటి కళాశాల ఆటలో తిరుగులేని బిల్ వాల్టన్ మీద, దీటుగా ఆడి అందరి కంటా పడ్డాడు. నేను చెప్పిన మొదటి చిక్కు ఇక్కడే పనిచేసిందని నా ఊహ. సాటివాడితో ఆడిన ఆటలు తక్కువ కనుక, ఆ ఒక్క ఆటకు మోయలేనంత బరువు వచ్చిపడింది. మార్టిన్ ఎన్‌బీఏలో నాలుగు సీజన్లు ఆడాడు. సగటున ఆటకు 5.3 పాయింట్లు. రెండవ స్థానంలో బఫెలోకు పోయిన మెకడూ 1975లో ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

1974లో మళ్ళీ మొదటి ఎంపిక. ఈసారి ఆలోచించవలసిన అవసరమే లేదు. బరిలో ఉన్నవాడు ఆ వాల్టనే. యూసీఎల్ఏ వరుసగా 88 ఆటలు గెలిచిన కాలపు నాయకుడు. 1973 జాతీయ ఫైనల్‌లో 22 సార్లు బంతి వేసి 21 సార్లు బుట్టలో పడవేసి 44 పాయింట్లు చేసినవాడు. అతని అసలు విద్య మరొకటి. రీబౌండు పట్టి, కాళ్ళు నేలకు ఆనీఆనకముందే, అవతలి కొసకు పరుగెత్తుతున్న సహచరుడికి బంతిని అందించేవాడు. ఎత్తు అందుకోవడానికి ఉపయోగపడింది కానీ, ఎవరు ఎక్కడ ఉంటారో ముందుగా కనిపెట్టడం కంటికీ బుద్ధికీ సంబంధించినది. 1977లో పోర్ట్‌లండ్ ఫైనల్‌లో మొదటి రెండు ఆటలూ ఫిలడెల్ఫియాకు పోగొట్టుకుని, తరువాతి నాలుగూ వరుసగా గెలిచింది. ఆ ఏడాది మొదలుకొని 1995 దాకా ఆ ఊరి ఆటలకు టికెట్లన్నీ అమ్ముడయ్యేవి, వరుసగా 814 ఆటలకు.

ఆ తరువాతి ఏడాది 60 ఆటలలో 50 గెలిచిన దశలో వాల్టన్ పాదం దెబ్బతిన్నది. నొప్పి తెలియకుండా సూది వేయించుకుని ప్లేఆఫ్‌లో ఆడాడు. పాదంలోని ఎముక విరిగినట్టు బయటపడింది. 1978-79 సీజనంతా ఆడలేదు. 1979లో జట్టును వదిలి వెళ్ళిపోయాడు.

1978లో ఎంచుకున్న మైకేల్ థాంప్సన్‌ను జాబితాలు రాసేవారు తలవనే తలవరు. బహామాస్‌లో పుట్టి మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆడిన 6 అడుగుల 10 అంగుళాల మనిషి. రెండవ ఏడాది కాలు విరిగి 1979-80 సీజను మొత్తం పోగొట్టుకున్నాడు. తిరిగివచ్చి 1986 దాకా పోర్ట్‌లండ్‌కు చక్కగా ఆడాడు. ఆపైన లేకర్స్‌తో 1987, 1988లలో రెండు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. ఇతణ్ణి ప్రత్యేకంగా ప్రస్తావించడానికి ఒక కారణం ఉన్నది. కాలు విరిగిన పొడగరి కోలుకుని చాలాకాలం ఆడగలడనడానికి పోర్ట్‌లండ్‌వారి కళ్ళ ముందున్న రుజువు థాంప్సన్. మరి ఆరేళ్ళకు అటువంటి ప్రశ్నే వచ్చినప్పుడు ఆ అనుభవం వారికి ధైర్యం ఇచ్చి ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది.

1984 కథ చాలామందికి తెలిసినదే. ఇండియానా జట్టుతో వెనుకటి బేరంలో వచ్చిన హక్కు పోర్ట్‌లండ్ చేతిలో ఉన్నది. నాణెం ఎగరవేస్తే హ్యూస్టన్ గెలిచి, నైజీరియా నుండి వచ్చి హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలోనే ఆడుతున్న హకీం ఒలాజువాన్‌ను ఎంచుకుంది. రెండవ స్థానంలో పోర్ట్‌లండ్ కెంటకీ విశ్వవిద్యాలయపు 7 అడుగుల 1 అంగుళం మనిషి శామ్ బోవీని ఎంచుకుంది. మూడవ స్థానంలో షికాగోకు మైకేల్ జోర్డన్ దక్కాడు.

బోవీ మోకాలి కిందటి ఎముకలో చీలిక వచ్చి 1981-82, 1982-83 సీజన్లు రెండూ ఆడలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. పోర్ట్‌లండ్ వైద్యులు గంటల తరబడి పరీక్షించి ఫరవాలేదన్నారు. 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో బోవీ ఒక విషయం చెప్పుకున్నాడు. వైద్యులు కాలిమీద చిన్న సుత్తితో తట్టి నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడట, లోపల నొప్పి పుడుతూనే ఉన్నదట. దీనిని పట్టుకుని అతణ్ణి మోసగాడన్నవారున్నారు. నేను అనలేను. ఇరవై మూడేళ్ళ కుర్రవాడు, కుటుంబం భవిష్యత్తు అంతా ఒక్క జవాబు మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఏమనాలి? పరీక్షించేవాడికీ పరీక్షకు గురయ్యేవాడికీ ప్రయోజనాలు వేరైనప్పుడు నిజం ఎక్కడో ఒకచోట దాక్కుంటుంది.

అయితే 1984 ఎంపికలో కాలితో సంబంధం లేని మరొక అంశం ఉన్నది. పోర్ట్‌లండ్‌కు కిందటి ఏడాదే జోర్డన్ స్థానంలో ఆడగల క్లైడ్ డ్రెక్స్‌లర్ దొరికాడు. జిమ్ పాక్సన్ కూడా ఉన్నాడు. లేనిది సెంటర్. అందుచేత ‘ఎవడు గొప్ప ఆటగాడు’ అనే ప్రశ్నను పక్కనబెట్టి, ‘మా ఖాళీ ఎవడితో నిండుతుంది’ అనే ప్రశ్నకు జవాబు వెదికారు. ఆ ఏడాది ఒలింపిక్ జట్టు శిక్షకుడైన బాబీ నైట్, సెంటరే కావాలంటే జోర్డన్‌నే సెంటర్‌గా ఆడించుకొమ్మని ఇన్మన్‌తో అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. మాట హాస్యానికి అన్నట్టున్నా తర్కం గట్టిది. ఖాళీ ఈ ఏడాది ఉంటుంది, మరో ఏడాది బేరంలో నిండుతుంది. పదేళ్ళకు ఒకసారి వచ్చే ఆటగాడు బేరానికి దొరకడు. నిజానికి 1989లో పోర్ట్‌లండ్ బోవీని న్యూజెర్సీకి ఇచ్చి బక్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. అతనితో 1990, 1992లలో ఫైనల్ చేరింది. 1992లో ఓడించినవాడు జోర్డన్.

ఇన్మన్ 2007 జనవరిలో మరణించాడు. ఆ ఏడాది మే నెలలో, 5.3 శాతం మాత్రమే అవకాశం ఉన్న పోర్ట్‌లండ్‌కు లాటరీలో మొదటి స్థానం తగిలింది. ఎదురుగా ఇద్దరు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక్క సీజను ఆడిన 7 అడుగుల గ్రెగ్ ఓడెన్, టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఒక్క సీజను ఆడిన కెవిన్ డ్యురాంట్. ఓడెన్ ఆ సీజనులో కుడి మణికట్టు శస్త్రచికిత్స నుండి కోలుకుంటూ ఫ్రీత్రోలు ఎడమచేత్తో వేశాడు. జాతీయ ఫైనల్‌లో, తనకు దీటైన పొడగరులున్న ఫ్లోరిడా మీద, 25 పాయింట్లు, 12 రీబౌండ్లు సాధించాడు. మార్టిన్ విషయంలో లాగా ఒక్క ఆట సాక్ష్యం కాదు ఇది. ఏడాది పొడుగునా నిలిచిన సాక్ష్యం. మరోవైపు డ్యురాంట్ బలపరీక్షలో 185 పౌండ్ల బరువును ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. ఆనాడు చాలామంది ఓడెన్‌నే ఎంచుకునేవారు. సెప్టెంబరులో అతని కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. 2009 డిసెంబరులో ఎడమ మోకాలిచిప్ప పగిలింది. పోర్ట్‌లండ్‌కు మొత్తం 82 ఆటలు, అనగా సరిగ్గా ఒక్క సీజనుకు సరిపడా, ఆడాడు. డ్యురాంట్ 2014లో అత్యుత్తమ ఆటగాడై, 2017, 2018లలో ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. వాల్టన్ పోర్ట్‌లండ్‌లో ఉన్న అయిదు సీజన్లలో జట్టు ఆడినవి 410 ఆటలు. అతడు దిగినవి 35, 51, 65, 58, ఆపై సున్న, మొత్తం 209. బోవీ కూడా అక్కడ అయిదు సీజన్లే ఉన్నాడు. అతడు దిగినవి 76, 38, 5, సున్న, 20, మొత్తం 139. ఇద్దరి మధ్య తేడా 70 ఆటలు. వాల్టన్ ఆటగాడుగా బోవీ కంటె ఎన్నో మెట్లు పైవాడన్న మాట నిజమే, కాదనను. కాని శరీరం విషయంలో పోర్ట్‌లండ్ వేసిన పందెం రెండుసార్లూ దాదాపు ఒకటే. ఒకసారి ఆ ఎముక 1977 జూన్ దాటేదాకా ఆగింది, అంతే. ఆ వేసవికి ముందే ఆ పాదం విరిగి ఉంటే, వాల్టన్ పేరు కూడా ఆ జాబితాలలోనే ఉండేదేమో.

కనుక నా తీర్పులు వేరువేరుగా ఉంటాయి. మార్టిన్ ఎంపిక సాక్ష్యం తూచడంలో జరిగిన పొరపాటు. ఒక్క సాయంత్రాన్ని స్వభావమనుకున్నారు. వాల్టన్, ఓడెన్ ఎంపికలు రెండూ సరైనవే, ఒకటి కలిసివచ్చింది, ఒకటి రాలేదు. ఆ ఒకటి కూడా సగమే కలిసివచ్చింది. థాంప్సన్ ఎంపిక నిలకడైనది. దిద్దుకోగలిగిన తప్పు నాకు 1984లోనే కనిపిస్తుంది. అదైనా బోవీ కాలిని తప్పుగా చూడడం కాదు, మనిషిని వదిలి ఖాళీని చూడడం. 2018లో ఫీనిక్స్ మొదటి స్థానంలో అరిజోనా విశ్వవిద్యాలయపు డియాండ్రె ఏటన్‌ను, శాక్రమెంటో రెండవ స్థానంలో డ్యూక్ విశ్వవిద్యాలయపు మార్విన్ బాగ్లీని ఎంచుకుని, స్లొవేనియా నుండి వచ్చిన లూకా డొంచిచ్‌ను మూడవ స్థానానికి వదిలినప్పుడు ఈ పాఠం ఎంత నిదానంగా ఒంటబడుతుందో తెలిసింది. 2024లో పోర్ట్‌లండ్ మరొక కళాశాల పొడగరిని తెచ్చుకుంది. కనెటికట్ విశ్వవిద్యాలయంలో రెండు జాతీయ విజయాలు చూసిన 7 అడుగుల 2 అంగుళాల డానవన్ క్లింగన్. ఏడవ స్థానంలో ఎంచుకోవడం వల్ల అతని మీద ఆ పాత నీడ కాస్త పలుచగా పడింది.

జాబితాలు రాసేవారికి గుర్తు చేయదలచిన మాట ఒకటి ఉన్నది. ‘చెత్త ఎంపిక’ అని రాసినప్పుడు ఎంచుకున్నవారి పేరు ఎవ్వరికీ గుర్తుండదు. ఎంపికైనవాడి పేరే నిలిచిపోతుంది. తనను మొదటి స్థానంలో ఎంచుకొమ్మని లరూ మార్టిన్ ఎవరినీ బలవంతపెట్టలేదు. ఆట ముగిశాక అతడు యూపీఎస్ అనే పార్సెల్ సంస్థలో డ్రైవరుగా చేరి, పైకి ఎదిగి, షికాగోలో ఆ సంస్థ సమాజసేవా కార్యక్రమాల నిర్వాహకుడయ్యాడు. బోవీ కెంటకీకి తిరిగివెళ్ళి పందెపు గుర్రాలను పెంచుకున్నాడు. ఓడెన్ మళ్ళీ ఒహాయో స్టేట్‌కు వెళ్ళి ఆగిన చదువును 2019లో పూర్తిచేశాడు. వాల్టన్ 2024 మే నెలలో కన్నుమూశాడు. పాదాల నొప్పి అతణ్ణి జీవితకాలం వదలలేదు. ఈ నలుగురిలో అదృష్టవంతుడెవరన్నది నేను తేల్చలేను.

ఈ ఆటను నాకంటె దగ్గరగా ఎరిగిన మిత్రులు మనలో చాలామంది ఉన్నారని తెలుసు. 1984 గురించి నా అభిప్రాయంతో ఏకీభవించనివారు తమ వాదన వినిపిస్తే సంతోషిస్తాను.